పొగబండి సొరంగంలోకి దూరినప్పుడు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. పత్తికొండలో టమాటా పండించే ఇంట్లో పుట్టినవాణ్ని. భయపడటానికి మాకు మార్కెట్ ధర చాలు, దయ్యాలు అదనంగా అక్కర్లేదు. ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే "దానికి ఆధార్ కార్డు ఉండాదా?" అని అడిగి చెడగొట్టే రకం నేను. అందుకే ఇది రాయాలంటే నాకే సిగ్గుగా ఉంది.

డోన్ దగ్గర సెలవు రోజుల్లో ఒక పాత పొగబండిని సరదా ప్రయాణాలకు నడుపుతున్నారు. నిజమైన బొగ్గింజను, చెక్క సీట్లు, చెక్క రెక్కల కిటికీలు. పొలాల మధ్య పోయి, కొండ కింద సొరంగం దాటి, అవతలి స్టేషన్ నుంచి తిరిగొస్తుంది. మా అక్క తన కూతురు అమ్ములుకు చూపిద్దామంది. అమ్ములుకు నాలుగేళ్లు. ముందు వారమే అహోబిలంలో గుండు గీయించారు.

అక్కకు పెట్టె అవతలి చివర చోటు దొరికింది. పాపను నా ఒళ్లో కూర్చోబెట్టి, "రేయ్, పాపను వదిల్నావంటే నిన్ను ఈడ్నే దింపేసి పోతా" అంది.

"దింపేయ్. నడిచి నీకంటే ముందు ఇల్లు చేరతా."

నిజంగానే బండి అంత నిదానం. వేరుశనగ చేలో కూలీలు నడుమెత్తి చూస్తున్నారు. ఒక ట్రాక్టరు మమ్మల్ని దాటిపోయింది. కళ్లలో బొగ్గు నలుసులు పడితే జనం దానికీ మురిసిపోయి ఫోటోలు తీసుకున్నారు.

ఇంజను కూత వేసింది. "కిటికీలు ముయ్యండప్పా, పొగొస్తాది!" అని ఎవరో అరిచారు. అమ్ములును కిందికి దింపి, రెండు చేతులతో కిటికీ రెక్క లాగి మూశాను. పెట్టెలో దీపాల్లేవు. చీకటి కమ్మగానే పాప మళ్లీ ఒళ్లోకి ఎక్కింది. రెండు చేతులూ చుట్టి పట్టుకున్నాను.

సందుల్లోంచి పొగ. దగ్గులు, కేకలు, నవ్వులు. నేను కూడా దయ్యంలా ఒక ఊళ వేశాను. ఒళ్లో పాప నవ్వలేదు. "భయమేస్తాందా?" అని ముఖం వంచాను. నూనె రాసిన జడ నా గడ్డానికి తగిలింది.

అమ్ములుకు జడ లేదు.

మరి అమ్ములు ఎక్కడ? పెట్టె తలుపులు తెరిచే ఉన్నాయి. "అమ్ములూ!" అని అరిచాను.

"ఊఁ" అంది ఒళ్లో ఉన్నది.

వదలాలో పట్టుకోవాలో తెలియలేదు. చేతులు మాత్రం నా మాట వినే స్థితిలో లేవు. బిగుసుకుపోయాయి.

వెలుతురు వచ్చేసరికి ఒళ్లో ఎవరూ లేరు. తలుపు వైపు పరిగెత్తబోయి పడ్డాను. తొడ తిమ్మిరెక్కింది. పడ్డచోటు నుంచే చూశాను. అవతలి చివర, అక్క కొంగు కింద, అమ్ములు గుండు.

"చీకట్లో బిడ్డ ఒంటిగా నడిచొచ్చె! నీ చేతులు యాడ పెట్టుకున్యావురా?" అక్క అరిచింది.

"మామ ఒళ్లో ఇంగో పాప కూచోనుండె మా" అంది అమ్ములు. "నాకు చోటు ల్యా."

ఈ చివర నుంచి ఆ చివరకు వెతికాను. మా పెట్టెలో అమ్ములు తప్ప చిన్నపిల్లలే లేరు. పొగకు తల తిరిగిందనుకుందాం. తల తిరిగితే తొడ ఎందుకు తిమ్మిరెక్కుతుంది?

అవతలి స్టేషన్లో ఆటో దొరుకుతుందా అని అడిగాను. దొరకదన్నారు. తిరుగు ప్రయాణంలో అమ్ములును అక్కే రెండు చేతులతో అదిమి పట్టుకుంది. "కూచోరా" అంది నన్ను. కూర్చోలేదు. కూర్చుంటే ఒడి ఏర్పడుతుంది. సొరంగం పొడుగునా పై కడ్డీ పట్టుకుని నిలబడే ఉన్నాను.

మధ్యలో మోకాలి దగ్గర నా ప్యాంటును ఎవరో రెండుసార్లు లాగారు. ఎత్తుకోమని పిల్లలు లాగినట్టు, మెల్లగా.

అదేమిటో ఇప్పటికీ చెప్పలేను. నేను మాత్రం చెయ్యి కిందికి దించలేదు.