రెండో మెలనిప్పస్

జూలై నెలలో బహ్రెయిన్‌లో చల్లనీళ్ళ కుళాయి అనేది ఉత్త మాట. నిన్న సాయంత్రం మహూజ్‌లోని మా ఫ్లాట్‌లో ఏదో ధ్యాసలో దాని కింద చెయ్యి పెట్టి, చురుక్కుమంటే వెనక్కి లాక్కున్నాను. డాబా మీది ట్యాంకు పొద్దంతా ఎండకు ఉడుకుతుంది, ఆ నీళ్ళే గొట్టంలోంచి దిగుతాయి. ఆ ట్యాంకు పెట్టినవాణ్ణి తిట్టుకుంటూ బకెట్ పెట్టి కుళాయి తిప్పాను. ఇప్పుడు పట్టి ఉంచితే తెల్లారేసరికి ఒంటిమీద పోసుకునేలా చల్లబడతాయి. బకెట్ అడుగున నీళ్ళు పడుతున్న చప్పుడుకి సుదర్శనం గారు గుర్తొచ్చారు. ఆయన పోయాక ఇది రెండో ఎండాకాలం. ఆయన్ని ఎరగనివాళ్ళకు ఆయన గురించి చెప్పడం నాకు కష్టం. గొప్ప మేష్టారు, మంచి మనిషి అని మొదలుపెడితే ముందు ఆయనకే నచ్చేది కాదు.

నేను లెక్కలు చెప్పే బడిలోనే ఆయన ఇంగ్లీషు చెప్పేవారు. మా పై అంతస్తులో ఒంటరిగా ఉండేవారు. భార్య చాలా ఏళ్ళ క్రితమే పోయింది. ఈ దేశంలో అంతకాలం ఉండి కూడా కారు నడపడం నేర్చుకోలేదు. అందుకని ఆయన ఎక్కడికి వెళ్ళాలన్నా జీతం లేని డ్రైవర్ని నేనే. దారిపొడుగునా ఆయన మాట్లాడేది ఒకటే సంగతి, గ్రీకుల పురాణాలు. పోనీ వాటిలో వీరుల గురించా అంటే కాదు. వీరుల గురించి చెప్పడానికి లోకం అంతా ఉంది కదా అనేవారు. ఆయనకు కావలసింది ఒక్క వాక్యంలో వచ్చి ఆ వాక్యంలోనే చచ్చిపోయే అనామకులు. అందులోనూ ఒకే పేరున్నవాళ్ళంటే ఆయనకు ప్రాణం.

ట్రాయ్ పట్నం కోసం గ్రీకులు ఏళ్ళ తరబడి చేసిన యుద్ధంలో మెలనిప్పస్ అనే పేరుతో ఒకడికి మించి చచ్చారట. ఒకడు హికెటావోన్ కొడుకు. పెర్కోటే అనే ఊళ్ళో పశువులు మేపుకునేవాడు, యుద్ధం వచ్చిందని తెలిసి సొంతవాళ్ళ దగ్గరికి తిరిగొచ్చి చచ్చిపోయాడు. ఇంకొకడి పేరు చచ్చినవాళ్ళ వరసలో కనిపిస్తుంది, అంతే. తండ్రి పేరు లేదు, ఊరు లేదు. ఎవరైనా తొందరలో ఈ ఇద్దర్నీ కలిపేసి మాట్లాడితే సుదర్శనం గారికి అరికాలి మంట నెత్తికెక్కేది. ఒక్క పేరుకి ఇంత రభస ఎందుకండీ, ఒకటో మెలనిప్పస్, రెండో మెలనిప్పస్ అని నంబర్లేస్తే పోలేదా అని నేను ఆటపట్టించేవాణ్ణి.

"చచ్చింది ఇద్దరు నాయనా. ఒక్కడే అంటే రెండోవాడి తల్లికి ఏం చెబుతావు?" అన్నారొకసారి, కారు అద్దంలోంచి బయటికి చూస్తూ. వేల ఏళ్ళ కిందటి తల్లికి నేనిప్పుడు ఏం చెప్పాలో తెలియక హారన్ కొట్టాను.

శుక్రవారం పొద్దున ఆయన్ని హమద్ టౌన్‌కి తీసుకెళ్ళేవాణ్ణి. అక్కడొక పాత ఇంట్లో మా జగిత్యాల వైపు మనుషులు, కట్టడం పనుల్లో ఉన్నవాళ్ళు, గదికి ఇంతమంది అని సర్దుకుని ఉండేవారు. సూపర్‌వైజర్‌తో మాట్లాడేపాటి ఇంగ్లీషు నేర్పమంటే వెళ్ళడం మొదలుపెట్టారు. అరగంట ఇంగ్లీషు అయ్యేసరికి పాఠం ట్రాయ్ వైపు జారిపోయేది. నేను విసుక్కునేవాణ్ణి గాని వాళ్ళకు మాత్రం ఆ కథ భలే నచ్చింది. ఇల్లూ పెళ్ళాన్నీ వదిలి సముద్రం దాటొచ్చి, గుడారాల్లో పడుకుని, ఎప్పుడు తిరిగి పోతామో తెలియక ఏళ్ళు గడిపే మగవాళ్ళ కథ అది. ఇది మన దుబాయే గద సార్ అని నవ్వేవారు; గల్ఫ్‌లో ఏ దేశమైనా వాళ్ళకు దుబాయే.

ఆ ఇంట్లో ఇద్దరు రాజేశాలు ఉండేవారు. వేములవాడ రాజన్నకు మొక్కుకుని పెట్టిన పేరు కాబట్టి మా వైపు వీధికొకడుంటాడు. ఎల్లయ్య కొడుకుని పెద్ద రాజేశం అనీ, మల్లయ్య కొడుకుని చిన్న రాజేశం అనీ పిలిచేవాళ్ళు. ఊళ్ళు కూడా పక్కపక్కనే. పెద్ద రాజేశం పాటలు పాడేవాడు, కొట్లాడేవాడు, పది మందిలో ఉంటే వాడొక్కడే కనబడేవాడు. చిన్న రాజేశం గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఇద్దరు మెలనిప్పస్‌ల కథ చెప్పినరోజు అందరూ వీళ్ళిద్దర్నీ చూసి ఒకటే నవ్వు. నవ్వులయ్యాక చిన్న రాజేశం మెల్లగా అడిగాడు.

"ఆ రెండో ఆయన ఏం జేసేటోడు సార్?"

ఏమీ చెప్పలేదు, పేరొక్కటే మిగిలిందన్నారు సుదర్శనం గారు.

"ఏదో ఒకటి జేసే ఉంటడు గద సార్" అన్నాడు చిన్న రాజేశం. తిరిగి వచ్చేటప్పుడు దారంతా సుదర్శనం గారు ఆ మాటే తిప్పి తిప్పి అనుకున్నారు.

ఆ ఎండాకాలంలోనే ఒక పొద్దున ఆ ఇంటి నుంచి ఫోను వచ్చింది. చిన్న రాజేశం పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. ఏ రోగమూ లేదు. గల్ఫ్‌లో ఇలా నిద్రలో పోయేవాళ్ళ గురించి వింటూనే ఉంటాం, వినీ వినీ మొద్దుబారిపోతాం. మేం వెళ్ళేసరికే అంబులెన్సు వచ్చి తీసుకుపోయింది. మేం చేరకముందే ఇంకొక పని కూడా జరిగిపోయింది. వేరే క్యాంపులో ఉండే ఒకడు ఆత్రం పట్టలేక, రాజేశం పోయిండు అని ఊరికి వాయిస్ మెసేజ్ పంపాడు. ఏ రాజేశమో చెప్పలేదు. అందరి కళ్ళకూ కనబడే రాజేశం పెద్దవాడే కాబట్టి ఆ కబురు పెద్ద రాజేశం ఇంటికి చేరింది.

పెద్ద రాజేశం ఆ రోజు తెల్లవారకముందే జుఫైర్‌లో డ్యూటీకి పోయాడు. ఫోనులో ఛార్జింగ్ లేదు. వాడి గొంతు వింటేగాని ఇంటివాళ్ళు నమ్మరని సైటు నుంచి వాణ్ణి పిలిపించి, ఫోనుకి ప్రాణం పోసేసరికి మధ్యాహ్నం అయింది. ఇంటికి ఫోను చేసి నేనే, బతికే ఉన్న అన్నాడు. అవతల ఒక్కసారిగా గోల, ఏడుపు, నవ్వు. అతని భార్య చేతులు నేలకేసి కొట్టుకుని గాజులన్నీ పగలగొట్టుకుందట. నెత్తురు కారుతున్న చేతులతోనే ఫోను పట్టుకుని, మరి పోయిందెవలు అని అడిగింది. పెద్ద రాజేశం ఫోను స్పీకర్‌లో ఉండగానే సుదర్శనం గారి చేతిలో పెట్టేసి, గోడవైపు తిరిగి కూలబడ్డాడు.

ఈలోగా అవతల కూడా ఫోను చేతులు మారింది. కొత్త గొంతు వినబడింది, నెమ్మదైన గొంతు.

"సార్, నేను గంగవ్వను. మా ఆయన మీ కాడనే ఇంగ్లీషు నేర్సుకుంటుండు. అక్కకు తోడుంటనని పొద్దుగాలనే వచ్చిన. పోయింది ఎవలు సార్?"

ఆమె చిన్న రాజేశం భార్య. భర్త రూంమేటు పోయాడు కదా, పాపం అతని భార్యను ఓదార్చాలని ఆటో ఎక్కి వచ్చింది. పొద్దుటి నుంచీ ఆమె తల తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట. తన భర్తకి కూడా ఫోను చేసింది, ఎత్తకపోతే శవం దగ్గర ఉన్నాడేమో అనుకుంది.

నేనైతే ఫోను కట్ చేసేవాణ్ణి. లైను బాగాలేదనో, మళ్ళీ చేస్తామనో ఏదో ఒక అబద్ధం చెప్పేవాణ్ణి. గదిలో ఉన్నవాళ్ళంతా ఆ మాటే సైగ చేశారు. సుదర్శనం గారు కళ్ళు మూసుకున్నారు.

"మల్లయ్య గారి కొడుకు, తల్లీ" అన్నారు.

గంగవ్వ అదే నెమ్మదైన గొంతుతో అడిగింది.

"మా మామ కొడుకా సార్?"

"అవునమ్మా."

ఆ తర్వాత ఆమె ఏడవలేదు. అవతల ఏడ్చింది పెద్ద రాజేశం భార్య.

శవం ఊరు చేరింది, దహనం అయింది. కొన్నాళ్ళకు గంగవ్వ సుదర్శనం గారికి ఫోను చేసింది. కంపెనీ గురించి ఏమైనా అడుగుతుందేమో అనుకున్నాం. ఆమె అడిగింది వేరు. ఆయన ఆడ ఎట్లుండె, ఏం జేసేటోడు అని. ఉద్యోగం సంగతి ఆమెకు తెలుసు. అది కాదు ఆమె అడుగుతున్నది. సుదర్శనం గారు కనుక్కుని చెబుతానమ్మా అన్నారు.

ఆ శుక్రవారం ఇంగ్లీషూ లేదు, ట్రాయూ లేదు. ఒక్కొక్కణ్ణీ కూర్చోబెట్టి అడిగారు. మంచోడు సార్ అన్నారు. ఎవల జోలికి పోకపోయేటోడు అన్నారు. చచ్చినవాళ్ళ గురించి అందరూ చెప్పేదే చెప్పారు. సుదర్శనం గారి మొహం వాడిపోతూ వచ్చింది, నాకు వాళ్ళమీద కోపం వచ్చింది. చివరికి పెద్ద రాజేశం తల దించుకుని చెప్పాడు. ఎండాకాలం సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే వాడు అందరి బకెట్లూ నింపిపెట్టేవాడట. పొద్దుటికి చల్లబడతాయని. ఎవరూ నింపమనలేదు, ఎవరూ గమనించనూ లేదు. వాడు పోయిన మర్నాడు స్నానానికి లేస్తే బకెట్లన్నీ ఖాళీ. కుళాయి నీళ్ళకు ఒళ్ళు కాలింది. అప్పుడు తెలిసిందట ఇన్నేళ్ళూ ఎవరు నింపుతున్నారో.

సుదర్శనం గారు అక్కడే, వాళ్ళ ముందే గంగవ్వకు ఫోను చేసి ఈ మాట చెప్పారు.

"ఇంటికాడ గిలాసెడు నీళ్ళు ముంచుకు తాగకపోయేటోడు సార్" అంది గంగవ్వ. నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది, ఆ రోజు ఏడవని ఏడుపంతా.

ఆ తర్వాత సుదర్శనం గారు పూర్వంలా లేరు. పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయేవారు. తిండి తగ్గింది. నేను అరిచి గోల చేస్తే రెండు ముద్దలు తినేవారు. ఎవరైనా పోయారని వింటే మాత్రం మొదట అడిగేది ఒకటే, ఎవరి కొడుకని. జబ్బు చేసి ఆసుపత్రిలో చేరాక, ఆ వార్డులో పనిచేసే మనవాళ్ళ తండ్రుల పేర్లన్నీ ఆయనకు తెలిసిపోయాయి. అక్కడే పోయారు. సంతాప సభలో ఒకరి తర్వాత ఒకరు లేచి గొప్ప గురువు, మానవతావాది అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మధ్యలోనే లేచి వచ్చేశాను.

నిన్న కుళాయి కింద బకెట్ నిండుతుండగా ఫోను మోగింది. ఎప్పుడో బడి వదిలిపోయిన విద్యార్థి. సుదర్శనం గారు పోయారని ఇప్పుడే విన్నాడట. ఇక్కడ ఆ పేరుతో ఇంకొకాయన కూడా ఉన్నారు, దుకాణం నడుపుతారు. ఏ సుదర్శనం గారు సార్ అని అడిగాడు.

"మీ ఇంగ్లీషు సారే. వీరభద్రయ్య గారి కొడుకు. పెద్దాపురం" అన్నాను. ఇంకొక్క సంగతి చెప్పాలి, అది చెప్పకపోతే ఆయన ఊరుకోరు. "పోయినవాణ్ణి ఇంకొకడిలో కలిసిపోనిచ్చేవారు కాదు."

ఫోను పెట్టేసేసరికి బకెట్ నిండి పొర్లుతోంది. కుళాయి కట్టేసి పక్కన ఇంకొకటి పెట్టాను. ఎదురు ఫ్లాట్‌లోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకు ఈ నీళ్ళ సంగతి ఇంకా తెలియదు. నింపి వాళ్ళ గుమ్మం ముందు పెట్టి వచ్చాను. ఎవరు పెట్టారని అడిగితే చెబుతాను, మల్లయ్య కొడుకు రాజేశం అని.