పెద్దరైతు అరుగు మీద కొలిచిన హెచ్చుతగ్గులు

విశాఖపట్నంలో అర్థశాస్త్రం ఎం.ఏ. చదువుతున్న మా మనవరాలు మొన్న సెలవులకి వచ్చి, అభివృద్ధి చెందిన దేశాల్లో కలిగినవాళ్ళకీ లేనివాళ్ళకీ రాబడిలో తేడా పెరిగితే ఆ దేశాల ఎదుగుదల ఎంత మందగిస్తుందో లెక్కగట్టడమే తన ప్రాజెక్టని చెప్పి, కంప్యూటర్లో ఒక వంకరగీత చూపించింది. గీత ముచ్చటగానే ఉంది. ఇంతకీ ఆ రాబళ్ళ సంగతి ఎలా తెలిసిందమ్మా అంటే, మనుషుల్ని అడిగి, పన్ను కాగితాలు చూసి రాస్తారు తాతయ్యా అంది. అడిగేటప్పుడు పక్కన ఎవరున్నారని అడగబోయి ఊరుకున్నాను. మన ఈడువాళ్ళం నోరు తెరిస్తే పాతచింతకాయ పచ్చడి అంటారు కదా.

అరవైల చివర్లో, వానలు మొహం చాటేసిన ఒక ఏడు, ఇంటింటికీ రాబడీ తిండీ అడిగి రాసే సర్కారు ఉద్యోగంలో కొత్తగా చేరి, రాజాం అవతల ఒక మెట్టపల్లెకి వెళ్ళాను. ఏ ఊళ్ళో పేదల పరిస్థితి అధ్వాన్నమని మా లెక్కల్లో తేలితే ఆ ఊరి పిల్లలకి ముందుగా గంజి కేంద్రం పెడతారు. ఆ సంగతి నాకు తెలుసు గాని ఊళ్ళో చెప్పకూడదని మా పై అధికారి ఆజ్ఞ, చెబితే అందరూ లేదనే అంటారని ఆయన భయం. ఆ ఊళ్ళో ఉన్న భయం వేరని ఆయనకేం తెలుసు, పాపం!

పూటకూళ్ళిల్లు కూడా లేని ఊరు కనక, అక్కడి రివాజు ప్రకారం నా బసా భోజనం పెద్దరైతుగారింట్లోనే. నేను ఆయన అరుగు మీద కూర్చుంటే, ఆయన పక్కనే మడతమంచం మీద కూర్చుని, ఒక్కొక్క ఇంటివాళ్ళనీ పిలిపించేవారు. మనిషి చెడ్డవాడు కాదు, నాకు కొసరి కొసరి వడ్డించిన మనిషి. అయితే సర్కారువాళ్ళు లెవీ కింద ధాన్యం పట్టుకుపోతారన్న బెంగతో, గాదెలో ఉన్నది సగానికి సగం చెప్పకుండా మింగేసి, పంట పోయింది బాబూ అని రాయించారు.

ఆ తర్వాత ఆయన దగ్గర ఏడాది జీతానికి పనిచేసే కంబారి పెళ్ళాం వచ్చింది, చంకలో పుల్లల్లాంటి కాళ్ళ పిల్లతో. వాళ్ళ పేటలో పొద్దున్నే, గింజల్లేనివాళ్ళు కడుపు నింపుకునే చింతపిక్కలు వేయించి దంచుతున్న వాసన నా ముక్కుకి తగిలే ఉంది. ఏం తింటున్నారని అడిగాను. ఆవిడ ఒకసారి మడతమంచం వైపు చూసి, రెండు పూటలా వరన్నమేనని, బాబు దయ వల్ల ఏ లోటూ లేదని చెప్పింది. పెద్దరైతుగారు మీసం దువ్వుకున్నారు.

మనసొప్పక సాయంత్రం వాళ్ళ గుడిసెకి వెళ్ళి మళ్ళీ అడిగాను. పొయ్యి మీద పిక్కల పిండి ఉడుకుతూనే ఉంది. నిజం రాసుకుంటానమ్మా, నీకు మేలే జరుగుతుంది అన్నాను. ఆవిడ కంగారు పడి చేతులు జోడించింది.

“వద్దు బాబూ. ఆకలని నాను సెప్తే మా బాబుకి మాటొస్తాది. ఆయన కంబారి పస్తున్నాడని ఊరంతా అంటాది. రేపు మాకు పనెవులిస్తారు?”

రాజాం వచ్చి మా అధికారికి చూసిందంతా చెప్పాను, పోట్లాడాను కూడా. వాళ్ళు చెప్పిందే రాయాలి, నీ ముక్కుకి తగిలింది రాయకూడదు అన్నారాయన. పైవాడు తగ్గించి చెప్పె, కిందివాడు పెంచి చెప్పె. కాగితం మీద ఇద్దరూ ఇంచుమించు ఒక్క మెట్టు మీదే నిలబడ్డారు. హెచ్చుతగ్గులు అంతగా లేని ఊరని మెచ్చుకుంటూ రాసి, గంజి కేంద్రం వేరే ఊరికి ఇచ్చారు.

ఎండలు ముదిరాక మళ్ళీ ఆ దారిన వెళితే గుడిసె తడికకి తాడు కట్టి ఉంది. పిల్ల పోయిందనీ, మొగుడూ పెళ్ళాం సాలూరులో లారీ ఎక్కి ఎటో వెళ్ళిపోయారనీ పక్కింటి ముసలామె చెప్పింది. ఆ రాత్రి పెద్దరైతుగారింట్లో అన్నం సయించలేదు నాకు. ఇన్నేళ్ళయినా ఆ చింతపిక్కల వాసన నన్ను వదల్లేదు.

ఇదంతా మనవరాలికి చెప్పలేదు. నిన్న తను, ఇక్కడి రాబళ్ళు కూడా అడిగి చూద్దామని రాసుకున్న ప్రశ్నలు సరిచూసుకోవాలని మా అపార్టుమెంటు వాచ్‌మన్‌ని పిలిచింది. అతనిదీ ఆ రాజాం వైపే. నేను వరండాలో పడక్కుర్చీలో ఉన్నాను. అరుగులు పోయాయి, లెవీలు పోయాయి, కంబారి అన్న మాట కూడా ఎవరూ అనడం లేదు, కాలం మారిందనే అనుకుంటూ వింటున్నాను. జీతం సరిపోతోందా అని మనవరాలు అడిగింది. అతను నా వైపు ఒకసారి చూశాడు.

“తవఁరి దయ బాబూ, మాకేటి లోటు.”

నేను లేచి లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాను. పిల్ల మళ్ళీ అడిగింది. అతను మళ్ళీ అదే చెప్పాడు.