గడ్డం కిందికి లాగిన గుడ్డ

మేస్త్రి అక్కను పనిలోంచి తీసేశారని నాకు మొదట చెప్పింది నాతోపాటే పనికొచ్చే పక్కింటి ఖాజాబీ. టేకులపల్లి దగ్గరి షెడ్డులో ఆ అక్క కింద మేమంతా మిర్చి తొడిమలు తీసేవాళ్లం. ఘాటుకు తట్టుకోలేక అందరం ముక్కూ నోరూ గుడ్డతో కట్టుకునేవాళ్లం.

అరుపు వినబడకపోతే పని జరగడం లేదని షెడ్డు యజమాని సేటు నమ్మకం. ఆయన బండి చప్పుడు వినగానే అక్క తన గుడ్డను గడ్డం కిందికి లాగి, దగ్గరున్న మనిషి మీద విరుచుకుపడేది. "ఏందే గిట్ల తీస్తున్నవ్? చేతులకు నిద్రొచ్చిందా?" ఆయన వెళ్లాక, మండుతున్న మా వేళ్లకు కొబ్బరినూనె రాసేదీ ఆమే. ఆ నూనెకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

"ఎందుకక్కా గట్ల తిడతవ్?" అని ఒకసారి అడిగాను.

"నా అరుపు ఇనబడకుంటే ఇంకో మేస్త్రిని తెస్తడు. నాకు మాత్రం భయముండదా?" అంది.

రోజూ గుడ్డ లాగి ఘాటు మింగడంతో చివరికి ఆమె గొంతే పోయింది. అరవలేని మేస్త్రి ఎందుకని సేటు పంపేశాడు. ఆ చోట నన్ను కూర్చోమన్నాడు. వద్దంటే ఉన్న పనీ పోతుందని "అవ్ సేటూ" అన్నాను.

మరునాడు బండి చప్పుడు వినబడింది. ఎప్పుడు లాగానో తెలియదు, గుడ్డ నా గడ్డం కింద ఉంది. నా తిట్లకు ఎదురుగా ఖాజాబీ తల వంచుకుని ఉంది. నా గొంతు నాకే ఆ అక్క గొంతులా వినబడింది. లోపలికి ఘాటు దిగుతోంది.

రాములవారికి మొక్కేటప్పుడు ఆమెనే తలుచుకుంటున్నాను. మీరూ దండం పెట్టుకునే వేళ, మాట పోయి ఇంట్లో కూర్చున్న ఆ అక్కను ఒక్కసారి తలుచుకోండి.