ఎడమకాలికి పెట్టని వాత

2004లో మేము ఏన్కూరులో ఉండగా మావారి కుడికాలికి రక్తం అందక పాదం నల్లబడింది. ఎడమకాలి నరం తీసి కుడికాలికి బైపాస్ చేస్తామన్నారు ఖమ్మం డాక్టరు. "అప్పటిదాకా ఎడమకాలికి గీత కూడా పడొద్దమ్మా. ఆ నరం చెడితే కుడికాలు తీసెయ్యాల్సిందే" అన్నారు. అంటే ఆయన రెండు కాళ్లతో నడవడం ఆ ఒక్క నరం మీదే ఉంది.

ఆపరేషన్ ముందురోజు పొద్దున్నే జూలూరుపాడు నుంచి మా ఆడబిడ్డ వచ్చింది. మావైపు ఒక కాలి నొప్పికి రెండో కాలికి వాత పెడతారు. నేను నీళ్లు తెచ్చేసరికి ఆమె ఎర్రగా కాల్చిన కొడవలిని ఆయన ఎడమ పిక్క మీదికి దించుతోంది.

బిందె వదిలేసి పరుగెత్తి, పిక్కను రెండు చేతులతో కప్పాను.

"జరుగు! నా తమ్ముని కాలు కోయిస్తవానే?"

"పెడితే నా చేతుల మీద పెట్టు వదినా."

సెగ వేళ్లకు తగులుతోంది. ఆమె చెయ్యి వెనక్కి పోలేదు. కొడవలి చల్లారి నల్లబడేదాకా నేనూ కదల్లేదు.

ఆపరేషనైన మూడు నెలలకు జూలూరుపాడులో బస్సు దిగి, ఆయన నాతోపాటు తన కాళ్లతోనే నడిచి అక్క ఇంటికి వెళ్లారు. ఎడమకాలి పొడుగునా ఉన్న కుట్ల మచ్చ చూసి ఆమె నాతో, "నన్ను జానెడు వాత పెట్టనియ్యకపోతివి. డాక్టరు చూడు, ఎంత పొడుగు పెట్టిండో!" అంది.

కొడవలి పట్టిన చెయ్యీ, అడ్డుపెట్టిన చేతులూ ఆ కాళ్ల కోసమేనని నాకప్పుడు తట్టింది.