ధర్మవరానికి నాకంటే ముందు వెళ్ళిన ముక్కు

ఆ రోజుల్లో మా హిందూపురం వైపు పెళ్ళిచూపులకు మనిషికంటే ముందు ఫోటో వెళ్ళేది. అది మెప్పు పొందితేనే వెనక మనిషికి రైలు టికెట్టు. మేనమామ స్టూడియోలో పనిచేసే నాకు ఫోటోకేం కొరత? కానీ యుద్ధం పుణ్యమా అని పెద్ద కెమెరాలో ఫోటో పడే గాజు ప్లేట్లు కరువై, మేనమామ ఆ మూడుకాళ్ళదాన్ని పక్కనపెట్టి, అరచేతిలో ఇమిడే చిన్నదాన్ని అందుకున్నాడు. దానిది కురచ లెన్సు. ముఖం నిండుగా పడాలంటే మీదికి రావాల్సిందే. వచ్చాడు. ఆయన పీల్చిన నశ్యానికి నేను తుమ్మేంత దగ్గరికి వచ్చాడు. ఫోటోలో నా చెవులు హడలి వెనక్కి పారిపోయాయి. ముక్కు మాత్రం పెనుకొండ కొండలా (కోటతో సహా) ముందుకొచ్చి నిలబడింది.

పిల్ల తండ్రి ధర్మవరంలో పట్టుచీరల నేతగాడు. ఆయన దాన్ని తిప్పి పంపాడు. "ముక్కు వచ్చి చేరింది, పిల్లోడు ఎప్పుడొస్తాడు?" అన్నాడట!

కదిరి తేరునాడు ఆ పిల్లను చూసి మనసు పారేసుకున్నవాణ్ణి, ఊరుకుంటానా? "దాచిపెట్టిన ప్లేటొకటుండాది, పెద్ద కెమెరాతో ఇంగోటి తీస్తాలేరా, ముక్కు అణుగుతాది" అన్నాడు మేనమామ. "నా ముక్కు అణగాల్సిన పనిల్యా! తప్పు దూరానిది!" అని రెండు కెమెరాలూ మోసుకుని రైలెక్కాను.

పిల్ల తండ్రి నన్ను ఎగాదిగా చూశాడు. "ముక్కు యాడబ్బా? ఫోటోలోనోడు వేరే, వచ్చినోడు వేరే. మోసం!"

నేను ఆయన్నే కూర్చోబెట్టాను. చిన్నదాంతో మూరెడు దూరం నుంచి ఒకటి, పొడుగు లెన్సున్న పెద్దదాంతో వాకిలి అవతల నుంచి ఒకటి తీసి, తర్వాతి వారం రెండూ ఆయన ముందు పరిచాను.

"చూడు పెద్దాయనా, రెండూ నువ్వే. దగ్గరికి పోయి తీస్తే ముక్కు ఉబ్బుతాది, దూరంగా నిలబడి తీస్తే న్యాయంగా ఉంటాది. నాదేం తప్పు?"

మొదటిది చూసి ఆయన మగ్గం గుంతలోకి జారబోయాడు. "ఈ గుమ్మడికాయ నాదేనా!"

ఇంతలో ఆయన తల్లి, ముసలవ్వ, ఆ ఫోటోనే లాక్కుని కళ్ళకద్దుకుంది. "అచ్చం మా నాయనే! ఆ ముక్కుంటేనేరా మొగోడు. ఈ పిల్లోని ఫోటోలోనూ ఉండాది గదా, పిల్లనిచ్చెయ్."

పెళ్ళి కుదిరింది, సరే, మరి నా శాస్త్రం గతేమిటి? "అవ్వా, నా ముక్కు అంతుండదు!"

"ఇంగా వయసుండాది గదబ్బా, పెరుగుతాదిలే!"

తలుపు వెనక పిల్ల కిసుక్కున నవ్వింది. తాంబూలాలు పుచ్చుకుంటూ వాదించాను, తలంబ్రాలు పోస్తూ వాదించాను. అవ్వ ఒప్పుకోలేదు, నేనూ తగ్గలేదు.

ఇప్పుడు అవ్వ లేదు. మొన్న ఎవరో పెద్దమనిషి "మీ ముక్కు మరీ అంత పెద్దదేం కాదండీ" అన్నాడు. ఇన్నేళ్ళకు నా వాదం గెలిచింది. ఎందుకో ఆయన మీద మండిపడ్డాను.