విప్పితే తొంభై జీబీ

జింజా ఊళ్లో మెయిన్ స్ట్రీట్ వెనక సందులో కంప్యూటర్ ఆటల దుకాణం నడిపిన ఇసబిర్యేకి ఒకటే జబ్బు. ఎవరు ఏ లెక్క చెప్పినా తల పక్కకి వాల్చి, కళ్లు సగం మూసి, "అది మూటలో సైజు. విప్పితే ఎంత?" అని అడిగేవాడు.

ఈ జబ్బు అతనికి కంప్యూటర్ల దగ్గర అంటుకుంది. ఆటల్ని ఎక్కడినుంచో దింపి, విప్పి, సర్దిపెట్టే లాంచర్ అనే ప్రోగ్రామ్ ఒకటుంటుంది. అది ముందు ఎంతో మర్యాదగా నలభై జీబీ చాలంటుంది. దింపాక విప్పుతుంది, తొంభై అవుతుంది. విప్పుతున్నంతసేపూ మూటా లోపలే, సామానూ లోపలే కాబట్టి నూట ముప్పై కావాలంటుంది. "చుట్టపుచూపుగా వచ్చి బీరువా తాళాలు అడిగే రకం ఇది" అని ఇసబిర్యే దాన్ని రోజూ తిట్టేవాడు. తిడుతూనే రోజూ దానికి చోటు వెతికేవాడు.

నాది పక్కనే జుట్టు అల్లే సెలూన్. మా రెండు దుకాణాల మధ్య గోడ ఒక ప్లైవుడ్ ముక్క. అతని మాటలు దాని సందుల్లోంచి వచ్చి నా దువ్వెనల మీద రాలుతుండేవి. ఇప్పుడు ఆ చోట ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. రంగురంగుల కవర్లు, మాటలేని దుకాణం.

సందు మొదట్లో ముటేసి అనే కుర్రాడు రోలెక్స్ అమ్మేవాడు. చపాతీలో గుడ్డట్టు పెట్టి చాపలా చుట్టి ఇస్తాడు. ఇసబిర్యే అది అందుకుని అక్కడే, రోడ్డు మీదే, పూర్తిగా విప్పి చూసేవాడు.

"చుట్టినప్పుడు లావుగానే ఉంది. విప్పితే టొమాటో ఏదిరా?"

"అన్నా, తినమని చుట్టాను, చదవమని కాదు!"

వాళ్లావిడ తరఫు పిన్నత్త ఒకావిడ ఇగాంగా నుంచి పెద్ద సంచీతో దిగింది. "రెండు రోజులుండి పోదామని వచ్చాను నాయనా" అంది. "అత్తా, రెండు రోజులు మూటలో సైజు కదా, విప్పితే ఎంత?" అన్నాడు. ఆవిడకి కోపం వచ్చింది. ఆ కోపం తీరి ఆవిడ వెళ్లేసరికి రెండు వానాకాలాలు గడిచిపోయాయి.

పాస్టర్‌గారు "ఒక్క చిన్న మాట చెప్పి ముగిస్తాను" అన్నప్పుడల్లా చర్చిలో అందరూ వెనక్కి తిరిగి ఇసబిర్యే వంక చూసేవారు. అతను పైకి అనేవాడు కాదు. తల మాత్రం పక్కకి వాల్చేవాడు. పాస్టర్‌గారికి చెమట పట్టేది.

అతన్ని పూర్తిగా తప్పుపట్టలేం. మొదట్లో అతనికి వేరే పేరుండేది. భార్య కడుపుతో ఉన్నప్పుడు మంత్రసాని పొట్ట తడిమి "ఒక్కడే" అని ధైర్యంగా చెప్పింది. తీరా చూస్తే ఇద్దరు. మా సోగావాళ్లలో కవలలు పుడితే తండ్రి ఇసబిర్యే, తల్లి నబిర్యే అయిపోతారు. పాత పేర్లు ఎవరికీ గుర్తుండవు. ఆ రోజు చెరో చేతిలో ఒకణ్ణి ఎత్తుకుని, వాన వాసన నిండిన వరండాలో నాకెదురొచ్చి, "చూశావా నైగాగా, విప్పితే ఇద్దరు!" అని అరిచాడు. అతని ముఖం అంత వెలుతురుగా ఉండటం నేను మళ్లీ చాలా ఏళ్లకి గానీ చూడలేదు.

ఆ చూడటం ఎలాగంటే, మా సందుకి ఎదురుగా కిరుండా అనేవాడు కొత్తగా ఆటల దుకాణం తెరిచాడు. మెత్తటి కుర్చీలు, నీలం దీపాలు. అదే ఏడాది బంతాటలో కొత్తది వచ్చింది. క్రిస్మస్ ముందు కుర్రాళ్లు పెట్టుకునే పోటీ ఆ కొత్త ఆటలోనే జరగాలని పట్టుబట్టారు. ఇసబిర్యే దగ్గర దాన్ని లాగగలిగే కంప్యూటర్ ఒకటే, పెద్ద తెరది. అందులో చోటు లేదు. చోటంతా ఒక లారీ ఆట తినేసి కూర్చుంది. ఆ ఆటని ముట్టుకున్నవాణ్ణి మేమెవరం చూడలేదు.

కుర్రాళ్ల నాయకుడు ముగోయా. వాడి గొంతుకి ప్లైవుడ్ గోడ ఒక లెక్క కాదు.

"అన్నా, ఆ లారీని తీసెయ్. ఎవడాడతాడు దాన్ని?"

"ఉండనీరా."

"పోయిన నెల డెబ్బై జీబీ ఉండేది, ఇప్పుడు తొంభై. దానంతటది పెరుగుతోంది. నీళ్లు పోస్తున్నావా?"

"కొత్త బంతాట ఎంత అన్నావు?"

"నలభై ఐదు."

"అది మూటలో..."

"విప్పితే తొంభై! తెలుసు! అందుకే లారీ తీసెయ్యమంటున్నా!"

అటునుంచి ఇసబిర్యే కుర్చీలు సర్దుతున్న చప్పుడు వచ్చింది. దువ్వెన పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"ఆదివారం సాయంత్రానికి ఆట రాకపోతే పోటీ కిరుండా దగ్గరే. తర్వాత మా మీద నిష్ఠూరం వద్దు" అని ముగోయా వెళ్లిపోయాడు.

పోటీ పోతే కుర్రాళ్లు పోతారు. కుర్రాళ్లు పోతే దుకాణం పోతుంది. ఈ లెక్క మాత్రం మూటలోనూ ఒకటే, విప్పినా ఒకటే. నబిర్యే వచ్చి నా దగ్గర కూర్చుని, "నువ్వైనా చెప్పు అక్కా, ఆ దిక్కుమాలిన లారీ కోసం ఇల్లు ముంచుతున్నాడు" అంది. చెప్పాను. "ఉండనీ నైగాగా" అన్నాడు, చేపల పులుసు చల్లారిపోతున్నా ముట్టకుండా.

చివరికి ముగోయా, నేను ఒక కుట్ర పన్నాం. దుకాణం రెండో తాళంచెవి నా దగ్గర ఉంటుంది. ఆదివారం పొద్దున నబిర్యే మొదటి ప్రార్థనకి వెళ్తుంది, కొన్నాళ్లుగా ఇసబిర్యే మాత్రం రెండోదానికి వెళ్తున్నాడు. ఆ రెండో ప్రార్థన వేళ మేం వెళ్లి లారీని తీసేస్తాం. మంచి పనే కదా, దేవుడు కూడా ఆ సమయానికి చర్చిలోనే ఉంటాడు.

తాళంచెవి అక్కర్లేకపోయింది. తలుపు లోపలినుంచి దగ్గరగా వేసి ఉంది. ఇంజన్ రొద వినిపిస్తోంది. నెమ్మదిగా తోశాం.

పెద్ద తెర ముందు బలిదావా తాత కూర్చుని ఉన్నాడు. మొంబాసా రేవు నుంచి కంపాలా దాకా జీవితమంతా లారీ తోలిన మనిషి. ఒక కాలు మాట వినడం మానేశాక కంపెనీ తాళాలు తీసేసుకుంది. అప్పట్నుంచి ఇంటి అరుగు మీద కూర్చుని, దూరంగా పోయే లారీల హారన్లు విని ఎవరి బండో చెప్పేవాడు. ఇప్పుడు రెండు చేతుల్తో ఆటల స్టీరింగ్ పట్టుకుని, మెడ నిటారుగా పెట్టి, మంచు కురుస్తున్న ఏదో పరాయి దేశపు రోడ్డు మీద పోతున్నాడు.

పక్కన ముక్కాలి పీట మీద ఇసబిర్యే. భుజాన తువ్వాలు. చేతిలో ఫ్లాస్కు.

"మొంబాసా దారిలో ఎల్డొరెట్ కొండలొచ్చాయి తాతా, అందుకే చలి."

"నాకు చెబుతావా? నేను పుట్టకముందే ఎల్డొరెట్‌లో చలి ఉంది. ఎడమ చూడు."

"ఎడమ ఖాళీ! పోనీ, పోనీ..."

"ఇదేం దేశంరా, పొద్దుట్నుంచీ తోలుతున్నా, ఒక్క పోలీసు ఆపలేదు. చాయ్‌కి ఏమైనా ఇమ్మని ఒక్కడూ అడగలేదు. నాకు భయంగా ఉంది."

"కొత్త ప్రభుత్వం తాతా."

ముగోయా నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నవ్వు ఆపుకోవడానికే అనుకున్నాను. లారీ ఒక గోదాము ముందుకి చేరింది. ఇసబిర్యే లేచి నిలబడి, తెరకి వీపు తిప్పి, రెండు చేతులూ ఊపాడు. "రానీ... రానీ... రానీ... ఆపు!" లారీ ఆగింది. అతని ముఖంలో కవలల్ని ఎత్తుకొచ్చిన రోజు వెలుతురు.

"చక్రాల కింద రాళ్లు పెట్టరా" అన్నాడు తాత.

కవలల తండ్రి, ఐదు కంప్యూటర్ల యజమాని, వంగి మూలనున్న రెండు రాళ్లు తెచ్చి తాత కుర్చీ కాళ్ల వెనక పెట్టాడు. నిటారుగా లేచేసరికి తలుపు దగ్గర మేం కనిపించాం.

"చర్చి..." అన్నాడు.

"ఆ మనిషి నీకేమవుతాడు?" అన్నాను, బయటికి పిలిచి.

"ఏమీ కాడు. ఒకరోజు వానకి ఆగాడు. తెర మీద స్టీరింగ్ చూసి చేతులు చాపాడు." భుజాన ఉన్న తువ్వాలు తీసి దాచుకోబోయాడు. "లారీకి క్లీనర్ లేకపోతే ఎలా మరి? అందుకని..."

"డెబ్బై తొంభై ఎందుకైంది?" అన్నాడు ముగోయా, ఇంకా ఆటే గుర్తున్నట్టు.

"ఎప్పుడూ అదే రోడ్డయితే డ్రైవర్‌కి నిద్రొస్తుందిరా. కొత్త రోడ్లు దింపాను."

సాయంత్రం కుర్రాళ్లందరూ కూడారు. ముగోయా బల్లెక్కి, పోటీ పాత బంతాటలోనే అని ప్రకటించాడు. గోల లేచింది.

"అందులో ఉన్న మన గోల్‌కీపర్ ఎప్పుడో రిటైరయ్యాడు!"

"అయితే ఏంటి? రిటైరైనవాళ్లు ఆడకూడదని ఎక్కడ రాసుందిరా?"

కొందరు గొణుక్కుంటూ కిరుండా నీలం దీపాల కిందికి పోయారు. కానీ ముగోయా గొంతు పెద్దది. మిగిలినవాళ్లు దుకాణానికి సరిపోయారు. ఆ పోటీ మూడు రోజులన్నారు, విప్పితే వారం నడిచింది. దుకాణం ఆ తర్వాత కూడా చాలా వానాకాలాలు చూసింది.

ఆ పై ఆదివారం నేను చాయ్ పట్టుకుని వెళ్లేసరికి గుమ్మం దగ్గర గొడవ. ముగోయా నదీ తీరం నుంచి రెండు పెద్ద రాళ్లు మోసుకొచ్చాడు.

"ఇవి పెట్టాలి. నీవి గులకరాళ్లు. ఎత్తు మీద బండి ఆగదు."

"ఎన్నాళ్లనుంచో క్లీనర్ని నేను! నిన్నగాక మొన్నొచ్చి నాకు రాళ్లు నేర్పుతావా?"

"నీ ఎడమ చూపు మంచిది కాదన్నా. పోయినవారం బండి స్తంభాన్ని రాసుకుంది, నేను చూశాను."

లోపలినుంచి తాత అరిచాడు. "ఎక్కడ చచ్చార్రా! బండి జారుతోంది!"

ఇద్దరూ చెరో రాయి ఎత్తుకుని ఒకేసారి పరుగెత్తి, కుర్చీ వెనక ఒకేసారి వంగి, తలలు ఢీ కొట్టుకున్నారు. తాత వెనక్కి తిరిగి చూడలేదు. అద్దం సరిచేస్తున్నట్టు గాల్లో ఒకసారి చెయ్యి తిప్పాడు. మొంబాసా రోడ్డు మొత్తం మీద ఇద్దరు క్లీనర్లున్న లారీ ఆయనదొక్కటే.