చుక్కలు చూసిన నీళ్ళు

హొన్నూర్‌బీ ఇత్తడి గిన్నెను చింతపండుతో తోముతోంది. అరచేతిలో ఇమిడే గిన్నె అది. లోపల అంచు నుంచి అడుగు దాకా అరబ్బీ అక్షరాలు చెక్కి ఉన్నాయి. గట్టిగా రుద్దితే అక్షరాలు అరుగుతాయి, మెల్లగా రుద్దితే గీతల్లో ఇరుక్కున్న ఎర్రదుమ్ము పోదు. తడిగుడ్డను చూపుడువేలికి చుట్టి, ఒక్కొక్క అక్షరం వెంట నడిపిస్తోంది.

గడప మీద సవిత, ఆమె ఒళ్ళో నాలుగేళ్ళ కూతురు హులిగి. పిల్ల కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ దేన్నీ చూడటం లేదు.

"ఇంగోసారి పెడ్తావా బీబమ్మా?" అని అడిగింది సవిత. "మళ్ళా ఎర్రగా అయితే?"

హొన్నూర్‌బీ తడిగుడ్డ మడత మార్చి, వేలిని ఇంకో అక్షరం మీద పెట్టింది.

వాళ్ళ ఊరు బండ్రి మీదుగా ఇనుప ఖనిజం లారీలు పగలూ రాత్రీ తిరుగుతున్న కాలమది. సవిత మొగుడు గురురాజ్ కూతుర్ని సైకిలు మీద ముందు కూర్చోబెట్టుకుని వస్తుంటే వెనక నుంచి లారీ గుద్దింది. అతను అక్కడే పోయాడు. పిల్ల ఎగిరి రోడ్డుపక్క ఎర్రబురదలో పడింది. ఒంటి మీద గీత కూడా పడలేదు. కానీ ఆ రోజు నుంచి మాట లేదు, తిండి లేదు. ఆస్పత్రిలో గ్లూకోజు ఎక్కించి, జబ్బేమీ లేదు, జడుసుకుంది, ఇంట్లో మెల్లగా అలవాటు చేయండి అని పంపేశారు. సవిత చెంచాతో చక్కెర నీళ్ళు దవడలోకి వదిలితే సగం బయటికే కారిపోయేవి. పిల్ల చేతులు పుల్లలయ్యాయి. సవితకు ఆ పిల్ల, అత్త తప్ప ఇంకెవరూ మిగల్లేదు.

ఆ గిన్నె కువైట్‌ది. హొన్నూర్‌బీ అక్కడ ఒక ఇంట్లో ముసలమ్మను చూసుకునే పనిలో ఉండేది. గురువారం సాయంత్రాలు వీధిలోని ఆడవాళ్ళంతా ఆ ముసలమ్మ గదిలో చేరి నమాజు చేసేవాళ్ళు, వంతులవారీగా ఖురాను చదివేవాళ్ళు. తర్వాత జడుసుకున్న పిల్లల్ని, నిద్ర పట్టని కోడళ్ళను తెచ్చి ఆమె ముందు కూర్చోబెట్టేవాళ్ళు. ముసలమ్మ గిన్నె నింపి, ఖురానులోని ఆయతుల్ కుర్సీ వాక్యం చదివి నీళ్ళలోకి ఊది, మిద్దె మీద పెట్టించేది. నీళ్ళకూ చుక్కలకూ మధ్య ఏదీ అడ్డం ఉండకూడదు. మూత పెట్టకూడదు, గుడ్డ కప్పకూడదు, తెల్లారాక వడగట్టకూడదు. బిడ్డకు తల్లే తాగించాలి. ముసలమ్మ నోట ఒక్కొక్క అక్షరం దిద్దుకుని హొన్నూర్‌బీ చదవడం నేర్చుకుంది. ఆమె పోయాక కూతురు ఆ గిన్నెను హొన్నూర్‌బీ చేతిలో పెట్టింది.

నిన్న గిన్నె నింపుతూ హొన్నూర్‌బీ, "ఇవి చుక్కల్ని చూసొస్తాయి, రేపు నీకే," అని హులిగికి చెప్పింది. తెల్లారి నమాజు కాగానే తెచ్చి చూపించింది. ఇత్తడి మెరుపుకు పిల్ల వంగింది. ఇన్నాళ్ళకు మొదటిసారి పెదవులు విడివడ్డాయి. అంతలో అడుగున పేరుకున్న ఎర్రదుమ్ము పొర కనబడింది. పిల్ల ఒళ్ళంతా కొయ్యబారిపోయింది.

సవిత అత్త కొట్రమ్మ వాకిట్లోంచే గొంతెత్తింది. "అంగడ్లో బాటిలు నీళ్ళు దొరకతాయి కదే బీబీ! గిన్నెలో పోసి ఇచ్చేస్తే పిల్లకేం తెలుస్తాది?"

"పిల్లకు తెలీదులే అక్కా."

"మరింకేంది? నీ చుక్కలేమన్నా వచ్చి సాక్ష్యం చెప్తాయా?"

"నాకు వచ్చిందే ఈ ఒక్క పని. దీన్ని ఎట్ల చేయల్లో అట్లనే చేస్తా. లేదంటే చేతకాదని చెప్పి లేచిపోతా."

"పిల్ల పోయినాక చేస్తువులే!"

సవిత వాకిలి వైపు తిరిగింది. "అత్తా, సుమ్నిరు, ఊరికుండు," అంది. "బీబమ్మా, దుమ్ము లేని ఊరు యాడుందో చెప్పు. పిల్లను లారీల రోడ్డు మీదికి తీస్కరాలేను. నువ్వే పోయి తేవల్ల."

హొన్నూర్‌బీ గిన్నె తుడిచి బురఖా లోపల పెట్టుకుంది. బళ్ళారి దాకా బస్సు, అక్కడి నుంచి పాసింజరు రైల్లో హగరి ఊరికి. అక్కడ రాహేలు ఉంది. ఇద్దరూ కువైట్‌లో ఆ ముసలమ్మ ఇంట్లోనే పనిచేశారు. ఇప్పుడు రాహేలు అక్కడి వ్యవసాయ క్షేత్రంలో కలుపు పనికి పోతోంది. నల్లరేగడి నేల, ఏటి గాలి. ఖనిజం దుమ్ము అంత దూరం రాదు.

"ఇంత దూరం గిన్నెడు నీళ్ళకొచ్చినావా?" అని నవ్వింది రాహేలు. విషయం విన్నాక నవ్వు ఆగింది. "నేనూ ప్రార్థన చేస్తా. మీకు తప్పా ఏమన్నా?"

"చేసుకో. గిన్నెలోకి మాత్రం ఊదద్దు."

"నీ గిన్నె నీకే ఉండనీలే తల్లీ!"

బోరింగు నీళ్ళు పట్టి, చదివి, మిద్దె మీద పెట్టారు. తెల్లారి చూస్తే గిన్నె అడుగున అక్షరాలు పొడిగిన్నెలో ఎంత తేటగా ఉంటాయో అంత తేటగా ఉన్నాయి. రాహేలు గాజుసీసాను వేడినీళ్ళతో కడిగి ఇచ్చింది. హొన్నూర్‌బీ చుక్క జారకుండా వంపుకుంది.

తిరుగు దారిలో బస్సు లారీల వరస వెనక ఇరుక్కుపోయింది. కిటికీలన్నీ మూసినా దుమ్ము వస్తూనే ఉంది.

"ఏంది బీబీ, ఆ గుండెల కాడ దాచుకుండేది? బంగారమా?" అన్నాడు కండక్టరు.

"నీళ్ళప్పా."

"అయితే ఒక గుక్క పోయి, గొంతంతా మన్నే ఉండాది."

ఆమె సీసాను బురఖా లోపలికి ఇంకా జరుపుకుంది. వరస కదలడం లేదు. కొట్రమ్మ అన్న మాట చెవిలోనే ఉంది. పిల్ల ఈపాటికి చెంచా నీళ్ళు కూడా మింగడం మానేసి ఉంటే? ఎప్పుడో లోలోపల ఆయతుల్ కుర్సీ చదవడం మొదలుపెట్టింది. ఎక్కడిదాకా వచ్చిందో మరిచిపోయి మళ్ళీ మొదటికి పోయింది. చివరికి బస్సు దిగి, లారీల పక్కనే బండ్రి వైపు నడిచింది. బురఖా అంచులు ఎర్రబడ్డాయి.

హులిగి తల తల్లి భుజం మీద వాలిపోయి ఉంది. హొన్నూర్‌బీ బురఖా విప్పి వాకిట్లోనే వదిలేసింది. చేతులు మోచేతుల దాకా కడుక్కుంది. తలుపు వేయించి, కిటికీ సందులో తడిచీర దోపించి, అప్పుడు సీసా మూత తీసింది. గిన్నెలో సగం దాకా పోసి సవిత చేతిలో పెట్టింది.

"చేయి వణకనీయద్దు. అడుగు కనబడల్ల."

సవిత గిన్నెను పిల్ల ముఖం దగ్గరికి తెచ్చింది. హులిగి చూసింది. చాలాసేపు చూసింది. బయట లారీ పోతుంటే పిల్ల ఒళ్ళు జలదరించింది. సవిత గిన్నె దించలేదు. పిల్ల పెదవి ఇత్తడి అంచును తాకింది. గొంతు ఒకసారి కదిలింది. ఆగి, మళ్ళీ కదిలింది.

మాట రాలేదు. కళ్ళల్లో అదే చూపు. కానీ గిన్నె ఖాళీ అయింది.

"సీసాలో సగముంది. పొద్దు మునిగినాక ఇంగోసారి ఇయ్యి," అంది హొన్నూర్‌బీ. మూత బిగించి, సీసాను సవిత చేతికి ఇచ్చింది.